నెగ్రెపొంతిస్ ఏ కోర్సు చేశాడని అడిగే అబ్బాయికి

ప్రశ్న: మా అబ్బాయి బీకాం చివరి సంవత్సరం. యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టుకి ఆడాడు. మోకాలి ఆపరేషన్ అయ్యాక మునుపటిలా పరిగెత్తలేకపోతున్నాడు. ఇప్పుడు కోచ్ అవుతానంటున్నాడు. కోర్సు, లైసెన్స్ అంటే మాత్రం చెవిన పెట్టడు. వాడికి గ్రీస్ ఫుట్‌బాల్ క్లబ్ ఏఈకే ఏథెన్స్ అంటే ప్రాణం. ఆ క్లబ్ తొలినాళ్ల కోచ్ కోస్తాస్ నెగ్రెపొంతిస్ పేరు చెప్పి, "ఆయన ఏ కోర్సు చేశాడు నాన్నా? ఆడాడు, తర్వాత ఆడించాడు" అంటాడు. ఏం చెప్పాలో తోచడం లేదు. - ఒక తండ్రి

జవాబు: ముందుగా ఒక మాటండీ. నాకొచ్చే ఉత్తరాల్లో అందరూ మెస్సీ, రొనాల్డోల పేర్లే రాస్తారు. మీవాడు తొంభై ఏళ్ల కిందటి కోచ్‌ని పట్టుకొచ్చాడు. ఆట మీద పిచ్చి మాత్రమే ఉన్నవాడు అంత లోతుకి వెళ్లడు. అది మంచి గుర్తే. కాకపోతే ఆ కథ సగమే చెబుతున్నాడు. మిగతా సగం మీరు చెప్పండి.

నెగ్రెపొంతిస్ పుట్టింది ఏథెన్స్‌లో కాదు, 1897లో కాన్‌స్టాంటినోపుల్‌లో. అదే ఇప్పటి ఇస్తాంబుల్. అక్కడి గ్రీకుల పేరా క్లబ్‌లో ఫార్వర్డ్‌గా ఆడాడు. 1922లో ఆసియా మైనర్‌లో, అంటే ఇప్పటి టర్కీ గడ్డ మీద, గ్రీకు సైన్యం చిత్తుగా ఓడిపోయింది. మరుసటి ఏడాది స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో కుదిరిన ఒప్పందంతో టర్కీలోని గ్రీకుల్ని గ్రీస్‌కీ, గ్రీస్‌లోని ముస్లింల్ని టర్కీకీ మార్చుకున్నారు. లక్షల మంది ఉన్న ఊరు విడిచి, దొరికిన పడవెక్కి రావాల్సి వచ్చింది. కాన్‌స్టాంటినోపుల్ గ్రీకులకి కాగితం మీద మినహాయింపు ఉన్నా, చాలామంది భయంతో వచ్చేశారు. అలా వచ్చినవాళ్లు 1924లో ఏథెన్స్‌లో పెట్టుకున్న క్లబ్బే ఏఈకే. ఆ పేరులో చివరి అక్షరం 'కే' పోగొట్టుకున్న ఆ కాన్‌స్టాంటినోపుల్‌దే. మీవాడి దగ్గర ఆ క్లబ్ జెర్సీ ఉంటే ఒకసారి చూడండి, పసుపు-నలుపు రంగుల మధ్య రెండు తలల గద్ద ఉంటుంది. అది కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా సాగిన పాత బైజాంటియం సామ్రాజ్యం గుర్తు. నెగ్రెపొంతిస్ కూడా ఆ క్లబ్‌కే ఆడాడు. ఆట మానేశాక 1930లలో దానికే కోచ్ అయ్యాడు.

1939లో లీగూ కప్పూ రెండూ ఒకే ఏడాది గెలిచాడు. గ్రీస్‌లో అంతకుముందు ఏ క్లబ్ కూడా ఆ పని చేయలేదు. కప్ ఫైనల్లో 2-1తో ఓడిపోయిన పావోక్ కూడా కాన్‌స్టాంటినోపుల్ శరణార్థులు పెట్టుకున్న క్లబ్బే. మైదానంలో రెండువైపులా ఊరు పోగొట్టుకున్నవాళ్లే అన్నమాట. 1940లోనూ లీగ్ ఏఈకేదే. ఆ అక్టోబరులో ఇటలీ దండెత్తడంతో ఆట ఆగిపోయింది. మళ్లీ జాతీయ లీగ్ జరిగింది యుద్ధం అయ్యాకే. ఆయన పలుమార్లు గ్రీస్ జాతీయ జట్టుని కూడా నడిపించాడు. నాకు బాగా నచ్చే విషయం ఇంకొకటి ఉంది. ఆయన కింద ఆడిన త్రిఫోన్ జనేతిస్ కూడా తర్వాత ఏఈకే కోచ్ అయ్యాడు.

ఇక మీవాడి వాదన. ఆయన కాలంలో ఈనాటి లైసెన్సులు లేని మాట నిజమే. వాటి నిబంధనలు పెట్టే యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ పుట్టిందే 1954లో. అయితే ఆ రోజుల్లో గ్రీస్‌లో ఆటే బతుకుతెరువు కాదు. అక్కడ ఫుట్‌బాల్ పూర్తి ప్రొఫెషనల్ అయింది 1979లో. లైసెన్స్ అడగని కాలం జీతం గురించి కూడా పెద్దగా మాట్లాడని కాలం. మీవాడికి మొదటిది వద్దు, రెండోది మాత్రం కావాలి. ఇప్పుడు అదే ఏఈకేలో హెడ్ కోచ్‌గా కూర్చోవాలంటే అన్నిటికంటే పై మెట్టైన ప్రో లైసెన్స్ చూపించాలి.

అంత దూరం ఎందుకు, మన హైదరాబాద్ రహీమ్ సాబ్‌నే తీసుకోండి. సయ్యద్ అబ్దుల్ రహీమ్ ఉస్మానియాలో చదివి, బడిపంతులుగా పనిచేస్తూ కోచింగ్‌లోకి వచ్చారు. 1951, 1962 ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన శిక్షణలోనే వచ్చాయి. తరగతి గదిలో నలభై మందిని కూర్చోబెట్టగలిగినవాడికి మైదానంలో పదకొండు మంది ఓ లెక్కా అనిపిస్తుంది నాకు.

ఆ దారి ఇప్పటికీ ఉంది. బీకాం మాత్రం మధ్యలో ఆపనివ్వకండి. డిగ్రీ చేతిలో ఉంటే పీఈసెట్ ప్రవేశ పరీక్ష ద్వారా రెండేళ్ల బీపీఈడీ (వ్యాయామ విద్య కోర్సు) చేయొచ్చు, బడుల్లో పీఈటీ ఉద్యోగాలకి అది పనికొస్తుంది. ఆ పక్కనే ఆలిండియా ఫుట్‌బాల్ ఫెడరేషన్ ఇచ్చే కింది మెట్టు కోచింగ్ లైసెన్స్ 'డి'తో మొదలుపెట్టి సి, బి అంటూ పైకి వెళ్లొచ్చు. మోకాలి సంగతి మాత్రం అప్లికేషన్ పెట్టకముందే డాక్టర్‌తో మాట్లాడండి. బీపీఈడీ ప్రవేశానికి ఫిజికల్ టెస్ట్ ఉంటుంది, దాని టెన్షన్ ముందే తేల్చుకోవడం మేలు.

వీటన్నిటికంటే ముందు చేయాల్సింది ఒకటుంది. దగ్గర్లోని స్కూల్ గ్రౌండ్‌లో పదేళ్లలోపు పిల్లల్ని ఓ డజను మందిని పోగుచేసి, పొద్దున్నే ఆరింటికి వాళ్లని మీవాడి చేతిలో పెట్టండి. మొన్నొక గ్రౌండ్‌లో చూశాను. యూనివర్సిటీలో బాగా ఆడిన కుర్రాడొకడు పిల్లలందర్నీ లైన్‌లో నిలబెట్టి ఒక్కొక్కరి చేత గోల్ కొట్టిస్తున్నాడు. ఒకడు కొడుతుంటే పదకొండు మంది మట్టి గీక్కుంటూ నిలబడ్డారు. నాలుగో వారానికి ఐదుగురే మిగిలారు. పక్క మూలలో ఒక పీఈటీ మేడమ్ ఉన్న మూడు బంతులతోనే మూడు గుంపులు చేసి అందర్నీ కదిలిస్తోంది. ఆమె ఎప్పుడూ ఏ జట్టుకీ ఆడలేదట.

మీవాడు ఈ రెండింటిలో ఏ పక్కన ఉన్నాడో మీకూ నాకూ తెలియదు, వాడికీ ఇంకా తెలియదు. మూడు నెలలు చేయనివ్వండి. మొదటి రోజు వచ్చిన పిల్లల్లో చివరి రోజుకి ఎంతమంది ఉన్నారో లెక్క రాసి పంపమనండి. ఏ కాలేజీకి అప్లై చేయాలో అప్పుడు మాట్లాడుకుందాం.