టర్ఫ్ పరవకముందే పందికొక్కుల సంగతి చూడండి

ప్రశ్న: మాది వరి పొలం. రోడ్డు పక్కనున్న 15 సెంట్లు మెరక చేసి, బాక్స్ క్రికెట్ కోసం కృత్రిమ గడ్డి టర్ఫ్ వేయిద్దామనుకున్నాం. మట్టి తోలించి రెండు నెలలు కాలేదు, అప్పుడే చుట్టూ కన్నాలు పడ్డాయి. కన్నం దగ్గర కొత్త మట్టి కుప్పగా ఉంటోంది. కంకర పోసి రోలర్ తిప్పితే అవే పోతాయని కాంట్రాక్టరు అంటున్నారు. నిజమేనా సార్?
– ఒక రైతు, కృష్ణా జిల్లా

జవాబు: పోవండి. రోలర్ తిరిగితే పైన కన్నం మూసుకుంటుంది గానీ లోపల సొరంగం అలాగే ఉంటుంది. ఓ గట్టి వాన పడితే అక్కడ నేల కుంగి, టర్ఫ్ మీద పల్లం పడుతుంది. బంతి వెంట పరిగెత్తే పిల్లల కాలు మడతపడేది అక్కడే. రెండు మూడు వారాలు ఆలస్యమైనా సరే, పని ఆపించండి.

మెత్తటి మట్టి కుప్ప పందికొక్కు గుర్తు. బొరియ తవ్వితే దాచుకున్న వరి కంకులు కూడా కనిపించవచ్చు. పొలానికి నీళ్లు పెట్టగానే ఇవి గట్లెక్కుతాయి. వాటికి మీ మెరక కూడా ఒక పెద్ద గట్టే. నీళ్లు ఎక్కవు, నాగలి తగలదు, పైన టర్ఫ్ కప్పితే పిల్లి, గుడ్లగూబల భయమూ ఉండదు.

ముందు ఒక సాయంత్రం కన్నాలన్నీ మట్టితో మూసేయండి. తెల్లారి తెరుచుకున్నవే ఎలుకలున్న బొరియలు, మందు వాటికే పెట్టాలి. 960 గ్రాముల నూకలకు 20 గ్రాముల వంటనూనె పట్టించి, 20 గ్రాముల 0.25 శాతం బ్రోమోడయోలోన్ పొడి కలపండి. గ్లవ్స్ వేసుకుని కర్రతోనే కలపండి. 15 గ్రాముల చొప్పున కాగితం పొట్లాలు కట్టి, బొరియకు ఒకటి లోపలికి తోయండి. ఈ మందుతో ఎలుక వెంటనే చావదు, నాలుగు రోజుల నుంచి పది రోజుల దాకా పడుతుంది. పనిచేయలేదని టెన్షన్ పడి మోతాదు పెంచకండి. చచ్చినవాటిని రోజూ ఏరి లోతుగా పాతిపెట్టండి, కుక్కలు తింటే వాటికీ ప్రమాదమే. రెండు వారాలకు మళ్లీ కన్నాలు మూసి చూసి, తెరుచుకున్నవాటికి ఇంకోసారి పెట్టండి. అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లల జోలికి మాత్రం వెళ్లొద్దు. వాటి నుంచి ప్రాణాంతకమైన విషవాయువు వస్తుంది, శిక్షణ, అనుమతి ఉన్నవారే వాడాలి.

మీ 15 సెంట్లలోనే మందు పెడితే చాలదు. చుట్టుపక్కల గట్ల మీదివి వారంలో వచ్చి ఖాళీ బొరియల్లో చేరతాయి. పక్క రైతులతో మాట్లాడి అందరూ ఒకే రోజు పెట్టుకోండి, వాళ్ల వరికీ మేలే. ఎలుక బుట్టలు పెట్టేవాళ్లు మీ ఊళ్లో ఉంటే పిలవండి, మందు లేకుండానే చాలా పని జరుగుతుంది.

వరుసగా మూడు రోజులు పొద్దున్నే చూసినా ఒక్క కన్నమూ తెరుచుకోకపోతే, అప్పుడు బొరియలను చివరిదాకా తవ్వి, మట్టి, కంకర పొరలుగా వేసి దిమ్మిస చేయించండి. మూతి మాత్రమే పూడిస్తే లాభం లేదు.

తర్వాత అంచు కట్టుదిట్టం చేయండి. చుట్టూ రెండడుగుల లోతు కాలువ తీసి, అరంగుళం కన్నాల వెల్డెడ్ జీఐ మెష్ (జింకు పూత ఉన్న ఇనుప జాలీ) నిలువుగా దించి, అడుగున ఒక అడుగు బయటి వైపుకు వంచండి. పల్చటి కోళ్ల జాలీ వద్దు, కొరికేస్తాయి. నేలంతా మెష్ పరిస్తే ఇంకా మంచిదే గానీ, ఖర్చు ఒక్కచోటే పెట్టగలిగితే అంచుకే పెట్టండి. ఫ్లడ్ లైట్ల వైర్లు పైపుల్లోంచే పోవాలి. తినుబండారాల చెత్త రాత్రిపూట అక్కడ ఉంచకండి. నాట్లకు నీళ్లు వదిలాక పందికొక్కులు మెరకెక్కే సమయం, ఆ రోజుల్లో అంచు వెంట రోజూ ఒక చుట్టు తిరిగి చూడండి.