టెక్ సందేహాలు: ఏ స్కోప్ కొనాలి? అప్‌డేట్ తర్వాత గురి ఎందుకు మారింది?

వేటకి రైఫిల్ స్కోప్ (గురి చూసే దుర్బిణి) కొనాలి. మూడు బ్రాండ్ల దగ్గర ఆగాను. మూడూ 3-9×40 మోడళ్లే (3 నుంచి 9 రెట్ల జూమ్, 40 మిల్లీమీటర్ల ముందు లెన్స్), కానీ ధరలో మూడింతల తేడా ఉంది. ఏ బ్రాండ్ తీసుకోమంటారు?

ఈ ప్రశ్న నాకు ఎప్పుడూ ఇదే రూపంలో వస్తుంది. మూడు బ్రాండ్ల పేర్లు, చివర్లో ఏది మంచిదని ఒక ముక్క. ఎంత దూరంలో కాలుస్తారో, ఏ వేళలో వేటకి వెళ్తారో, స్కోప్ ఏ రైఫిల్ మీదకి ఎక్కుతుందో ఒక్కరూ రాయరు. అవేవీ తెలియకుండా నేను ఒక పేరు చెప్తే, చెయ్యి పట్టి చూడకుండా జ్వరం మాత్ర ఇచ్చినట్టే. రాసినవాళ్లకి ఆయుధం లైసెన్సు, వేట అనుమతి రెండూ ఉన్నాయనుకునే జవాబిస్తున్నాను.

స్కోప్‌ల వ్యాపారంలో పేరు ఒకరిది, తయారీ ఇంకొకరిది కావడం మామూలే. జపాన్, ఫిలిప్పీన్స్, చైనాల్లో ఉన్న కొన్ని ఫ్యాక్టరీలు చాలా బ్రాండ్లకి సరుకు చేసిపెడతాయి. ఒకే బ్రాండ్‌లో చవక సిరీస్ ఒక దేశం నుంచి, ఖరీదైన సిరీస్ మరో దేశం నుంచి రావచ్చు. కాబట్టి ఫలానా బ్రాండ్ మంచిదనే మాటకి పెద్దగా అర్థం లేదు, ఏ సిరీసో చెప్తేనే మాట్లాడుకోవడానికి ఏమైనా ఉంటుంది. మీరు చూసిన మూడింటిలో ఒకటి ఆ కంపెనీ అడుగు మెట్టు, ఇంకోటి పై మెట్టు అయ్యుంటుంది, మూడింతల తేడా అందుకే.

ఆ తేడా ఎక్కువగా అద్దాల్లో, వాటి మీది పూతలో ఉంటుంది. పూత లేని అద్దం ఒక్కో ఉపరితలం దగ్గర దాదాపు 4 శాతం వెలుగుని వెనక్కి తిప్పేస్తుంది, అలాంటివి పది దాటేసరికి మూడో వంతు వెలుగు దారిలోనే పోతుంది. మంచి మల్టీకోటింగ్‌తో, అంటే పొర మీద పొరగా వేసిన పూతతో, ఒక్కో చోట నష్టం అర శాతం లోపుకి దిగుతుంది. పెట్టె మీద ఉత్త 'కోటెడ్' అని ఉంటే ఏదో ఒక అద్దానికి ఒక పొర వేశారని అర్థం, 'ఫుల్లీ మల్టీకోటెడ్' అని ఉందేమో చూడండి. మిట్టమధ్యాహ్నం షాపు బయట నిలబడి చూస్తే మూడు స్కోప్‌లూ ఒకేలా కనిపిస్తాయి. పొద్దువాలాక, చెట్టు కింద నీడలో ఉన్న కొమ్మ మీదకి తిప్పి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

ఇక జూమ్ పిచ్చి. 40 మిల్లీమీటర్ల లెన్స్‌ని 9 జూమ్‌తో భాగిస్తే 4.4 వస్తుంది, కంటికి చేరే వెలుగు వలయం వెడల్పు మిల్లీమీటర్లలో అంతే. చీకట్లో కుర్రవాళ్ల కంటిపాప ఇంచుమించు 7 మిల్లీమీటర్ల దాకా విప్పారుతుంది, వయసు పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. అందుకే మసక వెలుతురులో 9 మీద పెడితే బొమ్మ నల్లబడుతుంది, 6కి తగ్గిస్తే తేటపడుతుంది. అదే లెన్స్‌తో 24 జూమ్ ఇస్తున్నామని ఊదరగొట్టే స్కోప్‌ని సాయంత్రం వేటకి తీసుకెళ్తే కనిపించేది చీకటే.

స్కోప్ చేతికొచ్చాక క్లిక్కులు, అంటే గురిని జరిపే నాబ్‌ల మెట్లు, పరీక్షించండి. 0.1 మిల్ క్లిక్ అంటే 100 మీటర్ల దగ్గర ఒక సెంటీమీటరు. ఎప్పుడూ ఒకే చుక్క మీద గురిపెట్టి ఒకటి కాల్చండి, 20 క్లిక్కులు పైకి తిప్పి ఒకటి, 20 కుడికి తిప్పి ఒకటి, 20 కిందికి తిప్పి ఒకటి, 20 ఎడమకి తిప్పి చివరిది. చివరి తూటా మొదటి దాని పక్కనే పడాలి, మధ్యలో కాగితం మీద 20 సెంటీమీటర్ల చదరం రావాలి. రాకపోతే వాపసు ఇచ్చేయండి, ఎంత పెద్ద పేరున్న బ్రాండైనా సరే. అయితే దాన్ని తిట్టేముందు ఒకసారి స్కోప్‌ని రైఫిల్‌కి పట్టి ఉంచే రింగుల స్క్రూలు చూడండి. జీరో అంటే గురిపెట్టిన చోటే తూటా పడేలా చేసుకున్న సర్దుబాటు; 'కొత్త స్కోప్ జీరో నిలబడటం లేదు' అని వచ్చే ఫిర్యాదుల్లో చాలావరకు రింగులు వదులుగా బిగించినవో, బలం కొద్దీ బిగించి ట్యూబు నొక్కేసినవో. తయారీదారు చెప్పిన టార్క్‌కి (బిగింపు బలానికి) టార్క్ రెంచ్‌తో బిగించాలి, అందాజాతో కాదు. స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ అయితే దానికి తట్టుకుంటుందని రాసి ఉన్న స్కోపే తీసుకోండి, అది వెనక్కీ ముందుకీ రెండు వైపులా కుదుపుతుంది కాబట్టి మామూలు స్కోప్‌లు పాడైపోవచ్చు.

నా డిజిటల్ స్కోప్‌కి యాప్‌లో అప్‌డేట్ వచ్చింది, చేసేశాను. ఇప్పుడు 100 మీటర్ల దగ్గర తూటా జానెడు కుడికి పోతోంది. స్కోప్ పాడైందా?

పాడై ఉండకపోవచ్చు. మీ స్కోప్‌లో కనిపించే అడ్డగీతలు అద్దం మీద చెక్కినవి కావు, స్క్రీన్ మీద గీసిన బొమ్మ. మీ జీరో అంటే మెమరీలో దాచిన రెండు అంకెలు, ఎక్స్ ఇంత, వై ఇంత అని. అప్‌డేట్ ఆ అంకెల్ని సున్నా చేసి ఉంటుంది, లేదా వేరే రైఫిల్ కోసం పెట్టుకున్న ప్రొఫైల్‌ని తెరిచి ఉంటుంది. ముందు ప్రొఫైల్ చూడండి, తర్వాత పాత అంకెలు ఎక్కడైనా రాసుకున్నారేమో చూడండి. రాసుకోకపోతే మళ్లీ జీరో చేసుకోవడమే. ఇకమీదట అప్‌డేట్‌కి ముందు ఆ అంకెల స్క్రీన్‌ని ఫోటో తీసి పెట్టుకోండి, అప్‌డేట్ తర్వాత కాగితం మీద కాల్చి చూడకుండా దేని మీదా గురి పెట్టకండి, వేటకి బయల్దేరే ముందు రాత్రి అసలు అప్‌డేట్ జోలికే పోకండి.

కానీ ఈ ఉత్తరం చదివాక నాకు పట్టుకున్న టెన్షన్ వేరే. అప్‌డేట్ మార్చగలిగిన అంకెల్ని ఇంకొకరు కూడా మార్చగలరా? కొన్ని పరికరాల్లో మార్చగలరు. 2015లో రూనా సాండ్విక్, మైకేల్ ఆగర్ అనే ఇద్దరు భద్రతా పరిశోధకులు వైఫై ఉన్న ఒక స్మార్ట్ రైఫిల్‌ని, అంటే గురి లెక్కలు కంప్యూటరే వేసే రైఫిల్‌ని, హ్యాక్ చేసి బ్లాక్ హ్యాట్ అనే కంప్యూటర్ భద్రతా సదస్సులో వివరించారు. దాని వైఫైకి ఫ్యాక్టరీ పాస్‌వర్డే ఉంది. అందులోంచి లోపలికి చేరి, తూటా బరువు లాంటి అంకెల్ని మార్చేశారు. రైఫిల్ పట్టుకున్న మనిషికి స్క్రీన్ మీద పట్టించుకునేంత తేడా ఏమీ కనిపించలేదు, ఒక టార్గెట్ మీద గురిపెట్టి కాలిస్తే తూటా పక్కన ఉన్న ఇంకో టార్గెట్‌కి తగిలింది. ట్రిగ్గర్‌ని మనిషే నొక్కాలి కాబట్టి దూరం నుంచి రైఫిల్‌ని పేల్చడం మాత్రం కుదరలేదు. వైఫై మామూలుగా ఆపేసే ఉంటుంది, యజమాని ఆన్ చేస్తేనే ఇదంతా సాధ్యం, నిజమే. అయితే వీడియో ఫోన్‌లో చూసుకోవాలని ఆన్ చేసి, తర్వాత మర్చిపోయేవాళ్లు ఎంతమంది ఉంటారో మీరే చెప్పండి.

మీ స్కోప్‌లో వైఫై ఆన్ చేసి, ఫోన్‌లో నెట్‌వర్క్‌ల జాబితా తెరవండి. స్కోప్ మోడల్ పేరు అక్కడ బాహాటంగా కనిపిస్తుంది. చుట్టుపక్కల ఎవరి ఫోన్‌లో చూసినా అంతే, ఇక్కడొక ఆయుధం ఉందని అందరికీ చెప్తున్నట్టే. పాస్‌వర్డ్ 1 నుంచి 8 వరకు వరస అంకెలో, యూజర్ మాన్యువల్‌లో అచ్చేసిన మాటో అయితే ఈ క్షణమే మార్చండి. మార్చడానికి వీల్లేని స్కోప్ అయితే వైఫై శాశ్వతంగా ఆపి వాడండి, వీడియోలు కేబుల్‌తో తీసుకోండి.

యాప్ సంగతి ఇంకా ఘోరం. జీరో సరిచేయడానికి వచ్చిన యాప్‌కి మీ కాంటాక్టులతో ఏం పని? లొకేషన్ ఎప్పుడూ కావాలని ఎందుకు అడుగుతుంది? ఇచ్చేశారంటే, ఇంట్లో స్కోప్ బాగుందో లేదో చూడటానికి తీసిన వీడియోకి కూడా మీ ఇంటి చోటు అంటుకోవచ్చు. దాన్ని అలాగే ఎవరికైనా పంపితే తుపాకీ ఏ ఇంట్లో ఉందో కూడా చెప్పినట్టే. 2019లో అమెరికా ప్రభుత్వం ఒక స్కోప్ యాప్‌ని వాడేవాళ్లందరి పేర్లు, ఫోన్ నంబర్లు, ఐపీ అడ్రసులు ఇప్పించమని ఆపిల్, గూగుల్ కంపెనీల విషయంలో కోర్టుకి వెళ్లింది. ఆ స్కోప్‌ల అక్రమ ఎగుమతి మీద దర్యాప్తు కోసం అడిగారు కానీ, జాబితాలో ఉండే వేలమందికి ఆ ఎగుమతితో సంబంధమే లేదు. స్కోప్ యాప్ వేసుకున్నవాళ్ల జాబితా అంటే తుపాకులున్న ఇళ్ల జాబితా. ప్రభుత్వం కోర్టు ద్వారా అడుగుతుంది, దొంగ అడగడు, ఆ కంపెనీ సర్వర్‌కి తాళం సరిగ్గా లేకపోతే చాలు.

అసలు ఒక స్కోప్‌కి ఖాతా ఎందుకు, లాగిన్ ఎందుకు? దశాబ్దాల కిందటి గాజు స్కోప్ ఈరోజు బిగించినా పనిచేస్తుంది. ఈ డిజిటల్ వాటిలో కొన్నింటికి యాప్ లేనిదే తేదీ కూడా సరిగ్గా పెట్టుకోలేం. ఫోన్ కొత్త వెర్షన్‌కి మారగానే 'మీ ఫోన్‌లో ఈ యాప్ పనిచేయదు' అని వస్తుంది, కంపెనీ ఆ మోడల్‌ని ఎప్పుడో వదిలేసి ఉంటుంది, అప్పుడు వాడేవాడు ఎక్కడెక్కడో వెతికి తెలియని సైట్ నుంచి యాప్ ఫైల్ దించుకుంటాడు, దాంతోపాటు ఇంకేం దిగిందో ఎవరికీ తెలియదు. ఆ ఫోన్‌లోనే బ్యాంకు యాప్ కూడా ఉంటుంది. ఇది వాడేవాడి అజాగ్రత్త అని కంపెనీలు తప్పించుకుంటే నేను ఒప్పుకోను. స్కోప్ మీదున్న బటన్లతో అన్ని సెట్టింగులూ మార్చుకునే వీలు ఇవ్వకపోవడం డిజైన్ తప్పు. కొనేముందు షాపులో అడగండి: ఫోన్ అనేదే లేకుండా దీన్ని జీరో చేయొచ్చా? కుదరదంటే అక్కడే పెట్టేసి రండి.

థర్మల్ స్కోప్ పెట్టె మీద 1800 మీటర్ల రేంజ్ అని ఉంది. నాకు 300 మీటర్లకే అది పందో, కుక్కో తెలియడం లేదు. మోసమా?

మోసం అనలేను, కానీ నిజాయితీ కూడా కాదు. థర్మల్ స్కోప్ వెలుగుని కాదు, వేడిని బొమ్మగా చూపిస్తుంది. ఆ 1800 మీటర్లు 'అక్కడేదో వేడిగా ఉంది' అని తెలియడానికి. రాత్రి చూపు పరికరాల మీద పనిచేసిన జాన్ జాన్సన్ అనే శాస్త్రవేత్త 1958లోనే లెక్క తేల్చారు. ఏదో ఉందని తెలియడానికి బొమ్మ అడ్డంగా రెండు చుక్కలున్నా (పిక్సెళ్లు) సరిపోతుంది, ఏ రకమైనదో తెలియాలంటే ఎనిమిది, ఫలానాదేనని చెప్పాలంటే పదమూడు దాకా కావాలి. అదీ సగం సార్లు సరిగ్గా చెప్పగలగడానికి.

మీ స్కోప్‌లో 12 మైక్రాన్ల సెన్సర్, 35 మిల్లీమీటర్ల లెన్స్ ఉన్నాయనుకుందాం. 300 మీటర్ల దగ్గర ఒక్కో చుక్క పది సెంటీమీటర్ల చోటుని మింగేస్తుంది. అర మీటరు ఎత్తు జంతువు ఐదే చుక్కలు. పొదలో వంగి నడుస్తున్న మనిషి కూడా అంతకంటే పెద్దగా ఏమీ కనిపించడు, ఈ వాక్యాన్ని దయచేసి మళ్లీ చదవండి. డిజిటల్ జూమ్ పెంచితే ఉన్న చుక్కలే పెద్దవవుతాయి, కొత్తవి రావు. అది ఏమిటో, దాని వెనకాల ఏముందో రూఢిగా తెలిసేదాకా ట్రిగ్గర్ మీద వేలు వద్దు. గుర్తుపట్టడానికి వేరే బైనాక్యులర్ వాడండి, రైఫిల్‌ని ఎత్తి మనుషులేమో అని చూడటం మహా ప్రమాదం. థర్మల్‌తో, రాత్రి పూట వేటకి చాలా చోట్ల విడిగా నిబంధనలు ఉంటాయి, కొనకముందే కనుక్కోండి.

జూమ్ మారిస్తే రెటికల్ (స్కోప్‌లో కనిపించే గురి గీతల బొమ్మ) కింది గీతల లెక్క తప్పుతోంది.

మీది రెండో ఫోకల్ ప్లేన్ స్కోప్. అందులో జూమ్ ఎంత పెంచినా గీతలు పెరగవు, అందుకే వాటి కొలత ఒకే జూమ్ దగ్గర సరిపోతుంది, సాధారణంగా అన్నిటికంటే పెద్ద జూమ్ దగ్గర. మాన్యువల్‌లో ఉంటుంది. 200 మీటర్ల లోపే కాల్చేవాళ్లకి దీంతో ఇబ్బందేమీ లేదు, దీనికోసం స్కోప్ మార్చక్కర్లేదు.

పాత డిజిటల్ స్కోప్‌ని అమ్మేస్తున్నాను. మెమరీ కార్డు తీసేస్తే చాలా?

చాలదు. చాలావాటిలో లోపల విడిగా మెమరీ ఉంటుంది, వీడియోలు అందులోనే ఉండిపోతాయి. ముందు కంప్యూటర్‌కి తగిలించి మీకు కావాల్సినవి తీసుకోండి, మెనూలో మెమరీ ఫార్మాట్ చేయండి, ఆ తర్వాత ఫ్యాక్టరీ రీసెట్. వైఫై పేరు, పాస్‌వర్డ్ నిజంగా మొదటికి వచ్చాయో లేదో ఫోన్‌లో చూసి నిర్ధారించుకోండి. యాప్‌లో మీ ఖాతా నుంచి ఆ పరికరాన్ని తొలగించి, ఇక వాడకపోతే ఖాతానే డిలీట్ చేయమని అడగండి, యాప్‌ని ఫోన్‌లోంచి తీసేసినంత మాత్రాన ఖాతా పోదు. కొనేవాళ్లకి ఇచ్చేటప్పుడు జీరో కూడా చెరిగిపోయిందని నోటితో చెప్పండి, లేకపోతే అది అలాగే ఉందనుకుని నేరుగా వేటకి పట్టుకెళ్తారు.