పాఠకుల ప్రశ్నలు: చూపు లేనివారికి లైబ్రరీ సైన్స్

ప్రశ్న: మా తమ్ముడికి పుట్టుకతోనే చూపు లేదు. బి.ఏ. పాసయ్యాడు. బి.ఎల్.ఐ.ఎస్సీ. (లైబ్రరీ సైన్స్ డిగ్రీ)లో చేరతానంటే కాలేజీవాళ్లు "వర్గీకరణ, కేటలాగింగ్ ప్రాక్టికల్స్ ఎలా చేస్తాడమ్మా?" అని వెనకాడుతున్నారు. నిజంగా కుదరదా?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: తప్పకుండా కుదురుతుందమ్మా. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 32వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థలు 40 శాతం, ఆపై వైకల్యం ఉన్నవారికి కనీసం 5 శాతం సీట్లు కేటాయించాలి. గరిష్ఠ వయసులో 5 ఏళ్ల సడలింపు కూడా ఉంది. దరఖాస్తుతో పాటే యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) నకలు ఇవ్వండి. పరీక్షకు కావలసిన ఏర్పాట్లను ఆ రోజే రాతపూర్వకంగా అడగండి. హాల్ టికెట్ వచ్చాక అడిగితే ఏదీ సమకూరదు.

కేటలాగింగ్‌లో, అంటే పుస్తకం వివరాలు నమోదు చేయడంలో, పెద్ద చిక్కు లేదు. కోహా లాంటి లైబ్రరీ సాఫ్ట్‌వేర్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది. ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్ (తెర మీది రాతను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) అందులోని గడులను ఒక్కొక్కటిగా చదువుతుంది. 100 రచయిత, 245 శీర్షిక అని మార్క్ ట్యాగులు (ఏ గడిలో ఏ వివరమో చెప్పే సంఖ్యలు) నోటికి వస్తే చెయ్యి తడుముకోదు.

కష్టమంతా వర్గీకరణలో, అంటే పుస్తకానికి విషయాన్ని బట్టి సంఖ్య ఇవ్వడంలో, ఉంది. సంఖ్యలో విరామ చిహ్నాలు వాడే కోలన్ వర్గీకరణ పద్ధతిలో కామా, సెమికోలన్, కోలన్‌లకు ఒక్కోదానికి ఒక్కో పని. ఎన్‌వీడీఏ మామూలు సెట్టింగులో వాటిని పలకదు. దాంతో విద్యార్థి చిహ్నం వదిలేసి సంఖ్య రాస్తాడు, మార్కులు పోతాయి, 'వీడికి రాదు' అనే ముద్ర పడుతుంది. ఎన్‌వీడీఏ కీతో కలిపి 'పి' నొక్కుతూ పోయి విరామ చిహ్నాల స్థాయిని 'ఆల్' దగ్గర ఆపితే అన్నీ వినిపిస్తాయి. మొదటి రోజే చేయించవలసిన పని ఇది.

మరో వర్గీకరణ పద్ధతి డ్యూయీ. దాని అచ్చు సంపుటాలకు స్క్రైబ్ (చదివిపెట్టి, రాసిపెట్టే సహాయకుడు) కావాలి. నిబంధనల ప్రకారం స్క్రైబ్ చదువు అభ్యర్థి చదువు కన్నా తక్కువే ఉండాలి. అంటే ఆ స్క్రైబ్ డ్యూయీని ఎన్నడూ తెరిచి ఉండకపోవచ్చు. అందుకే ముందే ఇద్దరూ కలిసి సాధన చేయాలి: మొదట సాపేక్ష సూచిక (విషయాల అకారాది జాబితా), తర్వాత షెడ్యూలు (అసలు సంఖ్యల వరుస), చివర పట్టికలు (సంఖ్యకు చేర్చే అంకెలు). ఉదాహరణకు తెలుగు సాహిత్యం 894.827, దానికి పట్టికలోని కవిత్వం 1 చేరిస్తే 894.8271. ఏ పేజీ తెరవాలో మీ తమ్ముడే చెప్పాలి, స్క్రైబ్ చదివి వినిపించాలి. గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఉంటుంది, మూడు గంటల పరీక్షకు నాలుగు గంటలన్నమాట. కంప్యూటర్‌లో రాస్తానని కూడా కోరవచ్చు.

పాఠాల సంగతి. పాత తెలుగు నోట్స్ చాలావరకు అను ఫాంట్లలో ఉంటాయి, స్క్రీన్ రీడర్‌కు అవి అర్థం లేని అక్షరాలు. స్క్రీన్ రీడర్ చదవగల యూనికోడ్‌లోకి మార్పించండి. స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే ఓసీఆర్ చేసి (బొమ్మలోని అక్షరాలను టెక్స్ట్‌గా మార్చి), ఒత్తులు, అంకెలు ఎవరైనా సరిచూడాలి. కాపీరైట్ గురించి భయం వద్దు: కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో చేరిన సెక్షన్ 52(1)(జడ్‌బీ) దివ్యాంగుల కోసం ఇలాంటి ప్రతులు చేసుకోనిస్తుంది.

ప్రశ్న: మా లైబ్రరీకి చూపు లేని సహాయకుడు వస్తున్నారు. ఏ పని ఇవ్వాలి?
– ఒక లైబ్రేరియన్, విజయనగరం

జవాబు: ఫోన్ దగ్గర కూర్చోబెట్టకండి. అంతకన్నా అన్యాయం లేదు. పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే కౌంటర్ అప్పగించండి. బార్‌కోడ్ రీడర్ కంప్యూటర్‌కు కీబోర్డులాంటిదే, స్కాన్ చేయగానే శీర్షిక చెవిన పడుతుంది. బార్‌కోడ్ లేబుల్ మాత్రం ప్రతి పుస్తకానికీ ఒకేచోట, వెనక అట్ట పైమూల అనుకుంటే అక్కడే, అంటించాలి. లేకపోతే వెతకడంతోనే క్యూ పెరుగుతుంది. షెల్ఫులు సర్దే పని మరొకరికిచ్చి, వారి డేటా ఎంట్రీ ఈయనకు మార్చండి. హెడ్‌ఫోన్ ఒక చెవికే ఉండేది కొనండి, ఎదుటివారి మాటా వినిపించాలి కదా. బల్లలు జరిపితే ఆ రోజే చెప్పండి.