వీసీ పదవి పోతే మా అమ్మాయి పట్టా చెల్లదా?

ప్రశ్న: మా అమ్మాయి ప్రభుత్వ యూనివర్సిటీలో పీజీ పూర్తిచేసింది. పట్టా మీద సంతకం చేసిన వైస్‌ ఛాన్సలర్‌ నియామకమే చెల్లదంటూ హైకోర్టులో కేసు నడుస్తోంది. రేపు ఆయన పదవి పోతే పట్టా గతేమిటి? యూనివర్సిటీని సరిగ్గా నడపని వీసీ మీద మాలాంటి తల్లిదండ్రులు కోర్టుకు వెళ్లవచ్చా?

జవాబు: ముందు పట్టా టెన్షన్‌ వదిలేయండి. దాన్ని ఇచ్చింది యూనివర్సిటీ, ఆ కుర్చీలో కూర్చున్న మనిషి కాదు. 1956 నాటి యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్‌ కమిషన్‌) చట్టం 22వ సెక్షన్‌ డిగ్రీ ఇచ్చే అధికారాన్ని యూనివర్సిటీకే కట్టబెట్టింది. ఇలాంటి చిక్కే ఒకసారి మన దగ్గరి జడ్జీల విషయంలో వచ్చింది. నియామకం రద్దయిన జడ్జి వేసిన శిక్ష ఎలా చెల్లుతుందని ముద్దాయిలు వాదించారు. 1981లో గోకరాజు రంగరాజు కేసులో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. ప్రభుత్వ ఉత్తర్వుతో పదవిలో ఉండి చేసిన పని, తర్వాత ఆ నియామకంలో లోపం తేలినా, చెల్లుతుందని చెప్పింది. మేం దీన్ని డి ఫాక్టో సిద్ధాంతం అంటాం. ఏ ఉత్తర్వూ లేకుండా కుర్చీ ఎక్కినవాడికి మాత్రం ఇది వర్తించదు.

ఇక రెండో ప్రశ్న. 'ఏ అధికారంతో ఈ పదవిలో ఉన్నారు?' అని నిలదీసే కో వారంటో రిట్‌ను (హైకోర్టులో వేసే పిటిషన్‌ను) ఎవరైనా వేయవచ్చు, మీకు సొంతంగా నష్టం జరిగి ఉండాల్సిన పనిలేదు. 2022లో కేరళలోని ఏపీజే అబ్దుల్‌ కలాం టెక్నలాజికల్‌ యూనివర్సిటీ వీసీ నియామకాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది. యూజీసీ నిబంధనల ప్రకారం, వీసీ పదవికి తగినవారిని వెతికే సెర్చ్‌ కమిటీ మూడు నుంచి ఐదు పేర్లు పంపాలి. అక్కడ ఒక్క పేరే వెళ్లింది. యూజీసీ నిబంధనలు కాదు, రాష్ట్ర చట్టమే వర్తిస్తుందన్న వాదన నిలబడలేదు.

కానీ ఒక మాట, చాలామంది ఇక్కడే పొరబడతారు. ఈ రిట్‌లో కోర్టు చూసేది అర్హత, ఎంపిక పద్ధతి మాత్రమే. వీసీ బాగా నడపడం లేదన్న కోపం అందులో పనికిరాదు. ఫలితాలు ఆలస్యమయ్యాయనుకోండి, ఆ పని చేయమని ఆదేశించే మాండమస్‌ వేరే వేయాలి.

వకీలు దగ్గరికి వెళ్లేముందు ఒక ఆర్టీఐ దరఖాస్తు పెట్టండి. నియామక జీవో, సెర్చ్‌ కమిటీ మినిట్స్‌ (సమావేశంలో ఏం జరిగిందో రాసిన నమోదు), ప్రొఫెసర్‌గా ఆయనకున్న పదేళ్ల అనుభవానికి ఆధారాలు అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ కాగితాలు చూశాకే కేసుకు బలముందో లేదో నేనైనా చెప్పగలను.