ఫోర్కులు మార్పించిన బండి పడింది... కేసు ఎవరి మీద వేయాలి?

ప్రశ్న: నాది 100 సీసీ బండి. రోజూ గుంతల రోడ్డు మీద 40 కిలోమీటర్లు తిరగాలి. ముందు షాకులు అడుగుకు కొడుతుంటే, మా ఊరి మెకానిక్ 150 సీసీ బండి పాత ఫోర్కులు (ముందు షాకుల గొట్టాలు) తెచ్చి వేశాడు. ‘టీ’లో, అంటే ఫోర్కు పైపులను పట్టి ఉంచే బిగింపులో, పైపు లూజుగా ఉందని రేకు చుట్టి బిగించాడు. 9,500 రూపాయలు ఫోన్‌లోనే పంపాను. మూడు నెలలకు స్పీడ్ బ్రేకర్ దగ్గర హ్యాండిల్ తిరిగిపోయి పడ్డాను, మణికట్టు విరిగింది. అనుమతి లేని మార్పు అంటూ ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్ కొట్టేసింది. ‘నువ్వు అడిగితేనే వేశా’ అంటున్నాడు మెకానిక్. బండి అసలు ఫోర్కుల్లాంటివే మళ్లీ ఎక్కించి, ప్రమాదానికి ముందు తేదీతో బిల్లు పుట్టించమని మిత్రుడి సలహా. కంపెనీ మీద కేసు గెలుస్తానా? - ఒక పాఠకుడు, ఖమ్మం జిల్లా

జవాబు: మీ ఉత్తరంలో మెకానిక్ మీతో మాట్లాడిన తీరు గురించే రెండు పేజీలున్నాయి. అవి పక్కన పెడదాం. మీ కేసంతా ‘రేకు చుట్టి బిగించాడు’ అన్న ఒక్క వాక్యంలో ఉంది.

ముందు కంపెనీ సంగతి. తయారీదారు ఇచ్చిన వివరాలకూ ఆర్సీకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతోంది. 2019లో సుప్రీంకోర్టు కూడా కేరళ నుంచి వచ్చిన కేసులో అదే గట్టిగా చెప్పింది. షరతు తప్పినా మొత్తం కొట్టేయకుండా నాన్-స్టాండర్డ్ పద్ధతిలో, అంటే క్లెయిమ్‌లో కోత పెట్టి, కొంత ఇప్పించిన 2010 తీర్పు ఉన్నమాట నిజమే. ఆగి ఉన్న మీ బండిని వెనక నుంచి లారీ గుద్ది ఉంటే ఆ తీర్పును పట్టుకుని వాదించేవాళ్లం. మీరు పడిందే మార్చిన భాగం వల్ల, కాబట్టి కంపెనీ మీద గెలవడం కష్టం. ఇన్సూరెన్స్ ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లే ఏడాది గడువు కూడా దాటిపోయింది, క్లెయిమ్ కొట్టేసిన లెటర్ వచ్చి 14 నెలలైందని మీరే రాశారు.

మెకానిక్ మాట వేరు. మీరు అడిగింది ఫోర్కులు వేయమని, రేకు చుట్టమని కాదు. సైజు కుదరని పైపును అలా బిగించడం సేవాలోపం. డబ్బు తీసుకున్నాడు కాబట్టి మీరు వినియోగదారుడే. బిల్లు లేకపోయినా ఫోన్‌లో పంపిన డబ్బుకు లెక్క ఉంటుంది.

మరి విరిగిన ఫోర్కులు, ఆ రేకు ఎక్కడ? 600 రూపాయలకు పాత ఇనుముకు వేశానని రాశారు! వాటిని వినియోగదారుల కమిషన్ ల్యాబ్ పరీక్షకు పంపగలిగేది. చేతిలో ఉన్న సాక్ష్యాన్ని తూకానికి అమ్ముకున్నారు.

అయినా ఒక దారి మిగిలింది. క్లెయిమ్ పెట్టినప్పుడు నష్టం చూసే ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చి ఫొటోలు తీశాడు కదా? ఆ రిపోర్టు మీకు కంపెనీ దగ్గర చేదే, కానీ మెకానిక్ మీద కేసులో అదే మీకు ప్రధాన సాక్ష్యం. కాపీ ఇవ్వమని కంపెనీకి రాతపూర్వకంగా అడగండి. మెకానిక్ వాట్సాప్‌లో పంపిన ఫొటోలూ వాయిస్ మెసేజులూ ఉన్న ఫోను అమ్మకండి, ఫార్మాట్ చేయకండి. వాటితో పాటు ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావాల్సిన ధ్రువీకరణ, అంటే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ కూడా జతచేయాలి. ఆసుపత్రి బిల్లులు, ఎక్స్‌రే సరేసరి.

మీ మిత్రుడి సలహా మాత్రం చెవిన పెట్టొద్దు. బండి తయారీ కంపెనీ స్పెసిఫికేషన్ ఫోర్కులు వేయించుకోవడం తప్పు కాదు, వేయించుకునే తీరాలి. లేదంటే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 182ఎ కింద ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. తప్పల్లా పాత తేదీతో బిల్లు పుట్టించడం. సర్వేయర్ ఫొటోలు ఒకటి చెబుతుంటే మీ బిల్లు ఇంకోటి చెబుతుంది, అప్పుడు మీరే దొంగ సాక్ష్యం సృష్టించిన ముద్దాయి అవుతారు. వేయించుకోండి, ఆ రోజు తేదీతోనే బిల్లు తీసుకోండి. కుదుపు తగ్గాలంటే అదే ఫోర్కులో స్ప్రింగులు, ఆయిల్, సీళ్లు కొత్తవి వేయించండి, దానికి ఆర్సీతో పేచీ లేదు.

ఇక గడువు. వినియోగదారుల చట్టం సెక్షన్ 69 ప్రకారం రెండేళ్లు. ప్రమాదం నుంచి లెక్కించాలని మనం వాదించవచ్చు, ఫోర్కులు వేసిన రోజు నుంచని అవతలివాళ్లు అంటారు. ఆ లెక్కన 21 నెలలు గడిచాయి, మూడే మిగిలాయి. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది గదా అని కూర్చోకండి.

మెకానిక్‌కు 15 రోజుల గడువుతో నోటీసు పంపండి. డబ్బు ఇవ్వకపోతే ఖమ్మం జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. అడిగి వేయించుకున్నారు గనుక పరిహారంలో కొంత కోత పడొచ్చు, దానికి సిద్ధపడండి. సర్వే రిపోర్టు కోసం ఉత్తరం ఈ వారమే రిజిస్టర్డ్ పోస్టులో వేసి, రసీదు దాచుకోండి.