పాస్టరును వెతికే ముందు పెద్దలను నిలబెట్టండి

ప్రియమైన తమ్ముడికి,

ప్రభువు నామంలో వందనాలు. మీ పాస్టరు అయ్యగారు ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాక సంఘానికి దిక్కు లేకుండా పోయిందని, మంచి పాస్టరు ఎవరైనా ఉంటే పంపమని ఫోన్లో అడిగావు. చూస్తాను. కానీ ఇప్పుడే ఎవరినీ పంపను. ఇన్నేళ్లూ వాక్యం చెప్పింది ఆయనే, ప్రభువు బల్ల ఇచ్చింది ఆయనే, కానుకల పెట్టె తాళం చెవి కూడా ఆయన దగ్గరే. అంత మంచి మనిషి పోయేసరికి మీకింత టెన్షన్ వచ్చిందంటే కారణం అదే. ఆ భారమంతా తీసుకెళ్లి కొత్తవాడి నెత్తిన పెడితే రేపు మళ్లీ ఇదే గతి.

పౌలు, బర్నబా లుస్త్ర, ఈకొనియ, అంతియొకయలకు తిరిగి వచ్చినప్పుడు ఏం చేశారో అపొస్తలుల కార్యములు 14లో చదువు. ప్రతి సంఘంలో దాన్ని చూసుకునే పెద్దలను ఏర్పరచి, ఉపవాసముండి ప్రార్థన చేసి, వాళ్లను ప్రభువుకు అప్పగించి వెళ్లారు. సువార్తికుడు భక్తసింగ్ గారు 2000 సెప్టెంబరులో ప్రభువు సన్నిధికి చేరినా హైదరాబాదులో ఆయన మందిరం హెబ్రోనులో కూడికలు ఆగలేదు. ఊరూరా పెద్దల మీద సంఘాలను నిలబెట్టడం ఆయన బతికుండగానే జరిగింది మరి.

మీకు పెద్దలు ముగ్గురో నలుగురో చాలు. గొంతు బాగుందనో, ప్రార్థన గట్టిగా చేస్తాడనో ఎవరినీ పెట్టొద్దు. తిమోతికి రాసిన మొదటి పత్రిక 3వ అధ్యాయం ముందు పెట్టుకుని ఒక్కొక్కరి గురించి మాట్లాడుకోండి. బయటివాళ్ల దగ్గర కూడా మంచి సాక్ష్యం ఉండాలని అందులో ఉంది. కిరాణా కొట్టాయన అతనికి మాట మీద అప్పు ఇస్తాడా? తాగి గొడవపడ్డ ఇంటికి అతన్ని పిలుస్తారా? అతను ఇంట్లో భార్యతో ఎలా మాట్లాడతాడో పక్కింటివాళ్లను అడిగితే తెలుస్తుంది. ఇంకో మాట, మన పాలమూరులో కోతలయ్యాక సగం ఊరు ముంబైకో పూణేకో పనికి పోతుంది. పెద్దలందరూ అలా పోయేవాళ్లే అయితే ఎండాకాలమంతా సంఘాన్ని చూసేవాళ్లుండరు. కనీసం ఇద్దరు ఊళ్లో ఉండేవాళ్లు కావాలి. పనికి పోయినవాళ్లకు వారానికోసారి ఫోన్ చేసే బాధ్యత కూడా ఆ ఇద్దరికే ఇవ్వండి.

అందరూ ఒకే ఇంటివాళ్లు, ఒకే వాడవాళ్లు కాకుండా చూడండి. యెరూషలేములో గ్రీకు మాట్లాడే విధవరాళ్లకు భోజనం సరిగా అందడం లేదని సణుగుడు మొదలైతే, సంఘం ఏడుగురిని ఎన్నుకుంది. ఆ ఏడుగురివీ గ్రీకు పేర్లే. బాధపడిన పక్షం చేతికే పంపకం అప్పజెప్పారు, చూడు ఎంత గొప్ప మనసో! మీ దగ్గర వెనకాల గోడకు ఆనుకుని కూర్చునే ఆ నాలుగు కుటుంబాల్లోంచి ఒకరు తప్పకుండా ఉండాలి. సంఘమంతా కలిసి తినే ప్రేమ విందులో వడ్డించే చేతులు కూడా అన్ని ఇళ్లవీ కావాలి. ఒక్కరిని విడిగా కూర్చోబెట్టినా లేనివాళ్లను సిగ్గుపరుస్తారా అని కొరింథీయులను పౌలు గద్దించిన మాట మీకే తగులుతుంది.

డబ్బు సంగతి కొంచెం వివరంగా చెప్తాను, సంఘాలు ఎక్కువగా విరిగేది ఇక్కడే. ఆరాధన అయిన వెంటనే, జనం ఇంకా ఉండగానే, చాప మీద సంచి బోర్లించండి. బంధుత్వం లేని ఇద్దరు లెక్కపెట్టాలి, అందులో ఒకరు స్త్రీ అయితే మరీ మంచిది. నోట్లు వేరు, చిల్లర వేరు. స్త్రీలు తెచ్చే పిడికెడు బియ్యం కూడా తూచి ఎన్ని కిలోలో రాయండి, ఏ విధవరాలికి ఎంత వెళ్లిందో కింద రాయండి. ఇద్దరూ సంతకం పెట్టాక ఆ మొత్తం చదివి వినిపించండి. యెరూషలేముకు చేర్చాల్సిన కానుకలు పోగుచేయడానికి పౌలు కూడా తీతుతో పాటు మరో ఇద్దరు సహోదరులను కొరింథుకు పంపాడు, ఎవరూ తప్పు పట్టకూడదని. విదేశాల నుంచి సంఘం పనికి డబ్బు పంపుతామని ఎవరైనా అంటే, విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ లేకుండా ఒక్క రూపాయి తీసుకోవద్దు.

మందిరం స్థలం ఎవరి పేరున ఉందో వెంటనే చూడు. పాస్టరు పేరున ఉంటే ఆయన తర్వాత కొడుకుల మధ్య, కోర్టు మధ్య నలిగిపోయిన మందిరాలు నాకు తెలుసు. ఏడుగురు కలిస్తే 2001 సొసైటీల చట్టం కింద జిల్లా రిజిస్ట్రార్ దగ్గర సొసైటీ నమోదు చేసుకోవచ్చు. అయ్యగారి కుటుంబంతో ప్రేమగా మాట్లాడి స్థలాన్ని దాని పేరుకు మార్పించండి. అమ్మగారికి ఉండడానికి ఇల్లు, నెలకింత సాయం ముందే తీర్మానం చేసి రాసివ్వండి. ఆమెను రోడ్డున పడేసి మందిరం దక్కించుకుంటే దేవుడు మెచ్చడు.

ఇక కూడికలు. పత్తి తీసే రోజుల్లో పదకొండింటికి ఆరాధన పెట్టి, రానివాళ్లకు భక్తి లేదనొద్దు. కిలోకింత అని కూలి వచ్చే రోజులవి. ఆ రెండు మూడు నెలలు ఆదివారం సాయంత్రం ఏడింటికి కూడండి. వర్తమానం నలభై నిమిషాలు దాటకూడదు. మిగతా సమయం సాక్ష్యాలకు, కీర్తనలకు, రోగుల కోసం ప్రార్థనకు ఇవ్వండి. చదువురాని ముసలమ్మ చెప్పే సాక్ష్యంతో నిలబడిన సంఘాలున్నాయి. మైకు గోడలు దాటి వినిపించాల్సిన పని లేదు, రాత్రి పది తర్వాత అసలే వద్దు. సండే స్కూల్ పిల్లల దగ్గర ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లుండాలి, ఎంత నమ్మకస్తుడైనా ఒక్కణ్నే వదలొద్దు.

ఇదంతా కుదురుకున్నాక పాస్టరును పిలుద్దాం. అతని జీతం, సెలవులు, పెద్దలకు ఏం జవాబు చెప్పాలో కాగితం మీద ఉంటే అతనికీ మర్యాద. ముందు సంఘమంతా ఒక రోజు ఉపవాస ప్రార్థన పెట్టుకుని పెద్దల పేర్లు అనుకోండి. తేదీ ఖాయం చేసి చెప్పు, దేవరకొండ నుంచి పొద్దున బస్సుకు నేనూ మీ వదినా వస్తాం.

ప్రభువునందు,
మీ అన్న