దవడలో తిత్తి మళ్లీ వచ్చింది.. డాక్టర్‌పై కేసు వేయొచ్చా?

సందేహం: మా ఆయనకు కింది దవడలో, బయటికి రాని జ్ఞానదంతం పక్కన తిత్తి ఉందని మూడేళ్ల క్రితం ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. ఆ రోజు నుంచీ కింది పెదవికి ఒకవైపు స్పర్శ లేదు. నాలుగు నెలల క్రితం అదే చోట వాచింది. వేరే ఆసుపత్రిలో బయాప్సీ చేసి ‘కెరటోసిస్ట్’ అన్నారు. మొదటిసారి తీసిన తిత్తిని అసలు పరీక్షకే పంపలేదట. కేసు వేయొచ్చా?
– ఒక సోదరి, వరంగల్

సలహా: వేయొచ్చు. కానీ ‘మళ్లీ వచ్చింది’ అన్నంత మాత్రాన కేసు నిలబడదు. దవడ తిత్తుల్లో ఎక్కువగా కనిపించేది చచ్చిన పంటి వేరు కొసన వచ్చేది. ఆ తర్వాతది బయటికి రాని పంటిని చుట్టుకుని వచ్చేది. పూర్తిగా తీసేస్తే ఇవి సాధారణంగా తిరగబెట్టవు. కెరటోసిస్ట్ అలా కాదు, జాగ్రత్తగా తీసినా కొందరిలో మళ్లీ వస్తుంది. ఎక్స్‌రేలో మూడూ ఒకేలా కనిపించవచ్చు. ఏ రకమో తేల్చేది తీసిన తిత్తికి చేసే పరీక్షే. అది చేయించి ఉంటే ఏళ్ల తరబడి చూపించుకుంటూ ఉండాలని మీకు అప్పుడే తెలిసేది. మీ కేసుకు బలం ఇక్కడే ఉంది.

పెదవి సంగతి వేరు. దానికి స్పర్శనిచ్చే నరం కింది దవడ ఎముకలోంచే వెళ్తుంది కాబట్టి అది దెబ్బతినడం ఈ ఆపరేషన్‌లో తెలిసిన ప్రమాదమే. ముందే చెప్పి సంతకం తీసుకున్నారా అన్నదే ప్రశ్న. పైగా వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 69 ప్రకారం గడువు రెండేళ్లే. తిమ్మిరి మొదటి రోజే తెలిసింది కాబట్టి ఆ గడువు దాటింది. ఆలస్యాన్ని మన్నించమని కారణం చూపి అడగొచ్చు, ఒప్పుకుంటారన్న భరోసా లేదు.

పరీక్ష చేయించలేదన్న విషయం మాత్రం ఇప్పుడే బయటపడింది. ఇలా దాగి ఉన్న నష్టానికి, రోగికి తెలిసిన రోజు నుంచి గడువు లెక్కించాలని 2010లో శ్రీఖండే అనే డాక్టర్‌పై ఒక మహిళ వేసిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే తొమ్మిదేళ్లు నొప్పికి మందులు వాడుతూ కూడా ఆపరేషన్ చేసిన డాక్టర్‌ను అడగలేదని ఆ మహిళ ఫిర్యాదును కొట్టేసింది. అందుకే మధ్యలో వాపు, చీము ఎప్పుడైనా కనిపించాయా, ఎవరికి చూపించారు అన్నది తేదీలతో రాసి పెట్టుకోండి.

ముందు పాత ఆసుపత్రికి రిజిస్టర్డ్ పోస్టులో లేఖ రాసి డిశ్చార్జ్ సమ్మరీ, ఎక్స్‌రేలు, సంతకం చేసిన అంగీకార పత్రం అడగండి. తీసిన తిత్తిని పరీక్షకు పంపాల్సిందేనని మరో దవడ సర్జన్‌తో రాయించుకుంటే చాలా మేలు. ఫిర్యాదు మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు. ఆసుపత్రికి కట్టింది ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు.